పాత గిడ్డంగి గోడ చెప్పిన పాఠం

మీ ఊళ్లో పాత ఇటుక గోడ ఏదైనా ఉందా? పైపూత రాలిపోయి, ఎర్రటి ఇటుకలు బయటపడి, ఇటుకల సందుల్లో తెల్లని సున్నం కనిపించే గోడ? ఉంటే ఈసారి అటు వెళ్లినప్పుడు కాసేపు ఆగి చూడండి. ఇటుకలను ఏ వరసలో పేర్చారో గమనించండి. సందులోని సున్నాన్ని గోటితో మెల్లగా తాకండి. పొడి రాలుతుంది. ఇంత మెత్తని సున్నంతో కట్టిన గోడ నూరేళ్లు, నూటయాభై ఏళ్లు ఎలా నిలిచిందని మీకు సందేహం రావాలి.

ఆ సందేహం నాకు ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం వల్ల ఒక మంచి గోడ పోయింది. ముందు ఆ సంగతి చెబుతాను. తరువాత దాని వెనుక ఉన్న విజ్ఞానం చూద్దాం.

నేను చేసిన పొరపాటు

సుమారు పదిహేనేళ్ల కిందట నెల్లూరు తీరంలో ఒక ఊరి హైస్కూల్లో పనిచేసేవాణ్ణి. బడి వెనుక ఒక పాత గిడ్డంగి ఉండేది. ఒకప్పుడు ఎవరో వర్తకులు ధాన్యం, ఉప్పు నిలవ చేసుకున్న కట్టడం. మేము అందులో ఆటల సామాను పెట్టుకునేవాళ్లం. రెండడుగుల మందం గోడలు, కమాను కట్టిన వాకిళ్లు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం లోపలికి వెళితే చల్లగా ఉండేది.

దానికున్న లోపం ఒక్కటే. ప్రతి ఏటా వానలు వెలిశాక గోడ అడుగున మోకాలి ఎత్తు వరకు నెమ్మెక్కి, సున్నపు పూత పెచ్చులు పెచ్చులుగా ఊడేది. చూడటానికి బాగుండదని నేనే చందాలు పోగుచేసి, ఒకవైపు గోడకు నాలుగడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత పూయించాను. నున్నగా, గట్టిగా ఉంది. అందరూ మెచ్చుకున్నారు.

మూడో ఏడు వానలు వెలిశాక చూస్తే, మోకాలి దగ్గర ఆగే నెమ్ము సిమెంటు పూతను దాటి నా ఛాతీ ఎత్తుకు ఎక్కింది. అక్కడ తెల్లని ఉప్పు పూలు పూసినట్టు పట్టింది. సిమెంటు పూతను తడితే డొల్లగా మోగింది. ఒక మూల ఊడదీస్తే, సిమెంటుతో పాటు ఇటుకల ముఖాలు కూడా ఊడి వచ్చాయి. లోపల ఇటుక ఎర్రని పొడిలా రాలింది.

ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటిన తాపీ మేస్త్రి ఒకాయనను పిలిపించాం. ఆయన గోడ మీద చెయ్యి పెట్టి చూసి, "అయ్యవారా, గోడ నోరు మూసేస్తే లోపలి ఉప్పు యాడికి పోతాది?" అన్నాడు. బీఈడీ చదివి, పిల్లలకు కేశనాళికల పాఠం చెప్పే నాకు తట్టనిది ఆయన ఒక్క మాటలో చెప్పాడు. ఆ మాట అర్థం కావాలంటే, అసలు ఇలాంటి కట్టడాలు ఎవరు, దేనితో, ఎలా కట్టారో తెలుసుకోవాలి.

గిడ్డంగుల కాలం

'గిడ్డంగి' మన మాట. ఇంగ్లీషు వాళ్లు వాడే 'గోడౌన్' మలయ్ భాషలోని 'గుదాంగ్' నుంచి వచ్చిందనీ, ఆ గుదాంగ్‌కు మన గిడ్డంగే మూలం కావచ్చనీ భాషావేత్తలు కొందరు చెబుతారు. మన తీరం నుంచి ఓడల్లో బట్టలు వెళ్లాయి. వాటి వెంట మాట కూడా వెళ్లిందన్నమాట.

1610లో డచ్చివారు పులికాటులో వర్తకం మొదలుపెట్టి, 1613లో అక్కడ గెల్డ్రియా అనే కోట కట్టారు. దానికి కొంచెం ఉత్తరాన, మన దుగరాజపట్నంలో, 1626 ప్రాంతంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఒక 'ఫ్యాక్టరీ' పెట్టింది. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ అంటే యంత్రాలున్న కర్మాగారం కాదు. వర్తకులు ఉండే ఇల్లు, సరుకు దాచే గిడ్డంగులు, వాటిచుట్టూ రక్షణ గోడ. ఇంగ్లీషువారు ఆ చోటును ఆర్మగాన్ అని పిలిచారు. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన మరొక ఇసుక తీరం మీద స్థలం సంపాదించాడు. మరుసటి ఏడు కంపెనీ వారు అక్కడికి మారిపోయారు. ఆ స్థలమే మద్రాసు. దుగరాజపట్నం వర్తకశాల ఇవాళ నిలిచి లేదు.

ఉత్తరాన బందరులో కోట ప్రాంతాన పాత ఇటుక కట్టడాల శిథిలాలు ఇంకా ఉన్నాయి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఆ పట్టణంలో, చుట్టుపక్కల ఊళ్లలో సుమారు 30 వేల మందిని బలి తీసుకుంది.

ఇక మన తీరం నుంచి చూపును చాలా దూరం తిప్పుదాం. అమెరికా స్వతంత్రమయ్యాక, అంటే సుమారు 1780 నుంచి 1830 వరకు, అక్కడి రేవు పట్టణాల్లో ఇటుక వర్తకశాలలు బారులు తీరి లేచాయి. కొత్త సమాఖ్య ప్రభుత్వం ఏర్పడిన కాలం కనుక ఆ శైలిని 'ఫెడరల్' శైలి అంటారు. ఆడంబరం లేని ముఖభాగం, ఒకే వరసలో సమానమైన కిటికీలు, ఎర్రని ఇటుక, సున్నపు అతుకు దాని గుర్తులు. న్యూయార్కు రేవులో 1810-1812 నడుమ పీటర్ షెర్మెర్‌హార్న్ అనే వర్తకుడు కట్టించిన కట్టడాల బారు అలాంటిదే. నదిని పూడ్చి చేసిన నేల మీద, కింద సరుకు, పైన లెక్కల గదులు ఉండేలా కట్టించాడు. ఇప్పటికీ షెర్మెర్‌హార్న్ రో అనే పేరుతో ఆ బారు నిలిచి ఉంది.

బోస్టన్ రేవులో మన దేశపు వర్తకం పేరు మీద 'ఇండియా వార్ఫ్' అనే ఇటుక గిడ్డంగుల బారు కూడా ఆ కాలంలోనే కట్టారు. దానిలో చివరిదాకా మిగిలిన భాగాన్ని 1960లలో కూల్చేశారు. ఒకటి నిలిచింది, ఒకటి పోయింది. రెండూ ఇటుకా సున్నమే. పోయినదాన్ని కూల్చింది మనుషులే.

రాయి ఎందుకు కాదు, ఇటుక ఎందుకు?

మన తీరం వెంట నడిచి చూడండి. ఇసుక, ఒండ్రు, చవుడు నేల. కొండ కనిపించాలంటే పడమరగా చాలా దూరం పోవాలి. బండి మీద రాయి తేవడం ఖరీదైన పని. కానీ బంకమట్టి చెరువుల్లో, పెన్న ఒండ్రులో కావలసినంత ఉంది. దాన్ని అచ్చులో పోసి ఎండబెట్టి బట్టీలో కాలిస్తే ఇటుక తయారు.

మరి సున్నం? సున్నపురాయి లేకపోయినా దిగులు లేదు. స్థానికులు ప్రళయ కావేరి అని పిలుచుకునే పులికాటు సరస్సు అడుగున గుల్లల పొరలున్నాయి. అవి నత్తలు, ఆలుచిప్పలు వదిలిన పెంకులు. తరతరాలుగా వాటిని కాల్చి గుల్ల సున్నం చేశారు. అమెరికా తీరంలో మొదట స్థిరపడినవారు కూడా ఆలుచిప్పలను కాల్చే సున్నం చేసుకున్నారు. సముద్రం పక్కన ఉన్నవారికి ఎక్కడైనా ఒకే ఉపాయం తట్టింది!

గుల్ల మళ్లీ గుల్లగా మారుతుంది

గుల్లలో ఉన్నది దాదాపు పూర్తిగా కాల్షియం కార్బొనేట్. దాన్ని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చారనుకోండి. అందులోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. 100 కిలోల శుద్ధమైన గుల్లను కాలిస్తే 44 కిలోల వాయువు పోయి, 56 కిలోల కాల్చిన సున్నం మిగులుతుంది. దాని మీద నీళ్లు పోస్తే బుసబుసలాడుతూ ఉడుకుతుంది. అదే తడిసున్నం. ఈ ఉడుకు కన్ను పోగొట్టగలదు. కనుక ఈ పని మీరు చేయకండి. చేసేవారిని దూరం నుంచి చూడండి.

తడిసున్నాన్ని ఇసుకతో కలిపి, ఎద్దులు లాగే గానుగలో రాతి చక్రం కింద బాగా నూరేవారు. దానినే డంగు సున్నం అంటారు. కొందరు ఇటుక పొడి కలిపేవారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లపు నీళ్లు పోసేవారు. పైపూత కోసం గుల్ల సున్నాన్ని వెన్నలా నూరి, పలుచని పొరలుగా పూసి, నున్నని రాతితో రుద్దితే పాలరాయిలా మెరిసేది. 'మద్రాసు చునాం' అనే పేరుతో అది యూరపువారిని కూడా ఆశ్చర్యపరిచింది.

ఇప్పుడు అసలు వింత చూడండి. గోడలో పెట్టిన తడిసున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గాలి నుంచి తిరిగి తెచ్చుకుని, గుల్ల మళ్లీ గుల్ల అవుతుందన్నమాట! ఈ పని పైపొరలో మొదలై, గోడ లోపలికి వెళ్లడానికి ఏళ్లు పడుతుంది. సన్నని పగులు వస్తే, వాన నీటిలో కరిగిన కొద్దిపాటి సున్నం ఆ పగుల్లోకి చేరి గట్టిపడి దాన్ని పూడుస్తుంది. చిన్న గాయాన్ని గోడ తానే మాన్పుకుంటుంది.

గోడను నిలిపేది జిగురు కాదు, బరువు

సున్నం జిగురులా ఇటుకలను అంటించి ఉంచుతుందని చాలామంది అనుకుంటారు. అది కొంత వరకే నిజం. గోడను నిలిపేది ముఖ్యంగా దాని బరువే.

చిన్న లెక్క వేద్దాం. ఒక ఘనపు మీటరు ఇటుక కట్టడం సుమారు 1,900 కిలోలు తూగుతుంది. 10 మీటర్ల ఎత్తు గోడలో, ఒక చదరపు మీటరు అడుగు మీద 19,000 కిలోల బరువు పడుతుంది. చదరపు మీటరులో 10,000 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు 1.9 కిలోలు. మన దేశపు ప్రమాణాల ప్రకారం అన్నిటికన్నా తక్కువ రకం కాల్చిన ఇటుక కూడా చదరపు సెంటీమీటరుకు సుమారు 35 కిలోల ఒత్తిడికి తట్టుకోవాలి. సున్నపు అతుకుతో కలిసిన గోడ బలం ఇంతకన్నా బాగా తక్కువే. అయినా 1.9 కిలోలు మోయడానికి చాలినంత ఉంటుంది.

కనుక ఇటుక గోడ తన బరువుకు తాను నలిగిపోదు. దానికి భయం పక్కకు నెట్టే బలాల వల్ల. గాలి, నేల కుంగడం, కమాను తోపు లాంటివి గోడను ఒకవైపుకు వాల్చాలని చూస్తాయి. అందుకే పాతవారు గోడను మందంగా కట్టారు. పలుచని పుస్తకాన్ని నిలబెడితే పడిపోతుంది, లావుపాటి నిఘంటువు నిలబడుతుంది కదా! అదే సూత్రం.

రెండో జాగ్రత్త పేర్పులో ఉంది. ఇటుక పొడవు వైపు బయటికి కనిపిస్తే 'పొడుగు' అనీ, పొట్టి వైపు కనిపిస్తే 'తల' అనీ అనుకుందాం. తల కనిపించే ఇటుక గోడ లోపలికి చొచ్చుకుపోయి, ముందు పొరను వెనుక పొరతో కట్టివేస్తుంది. ఒక వరస అంతా పొడుగులు, పై వరస అంతా తలలు పెడితే దాన్ని ఇంగ్లీషు పేర్పు అంటారు. ఒకే వరసలో ఒక పొడుగు, ఒక తల మార్చి మార్చి పెడితే ఫ్లెమిష్ పేర్పు. ఫెడరల్ కాలపు వర్తకులు వీధి వైపు గోడకు ఈ ఫ్లెమిష్ పేర్పును ఇష్టపడ్డారు, చూడటానికి అందంగా ఉంటుందని. ఏ పేర్పులోనైనా నియమం ఒక్కటే: కింది వరసలోని నిలువు సందు మీద పై వరసలోని సందు పడకూడదు.

కమాను, మిద్దె

గోడలో వాకిలి పెట్టాలంటే పైన ఉన్న బరువును ఎవరు మోయాలి? ఇటుక నొక్కుడుకు గట్టిది, వంపుకు బలహీనమైనది. పొడవాటి ఇటుక పలకను వాకిలి మీద అడ్డంగా పెడితే నడుమ విరుగుతుంది. కమానులో అలా కాదు. ప్రతి ఇటుకా పక్క ఇటుకను నొక్కుతుంది. వంగే పని ఎవరికీ లేదు, నొక్కుకునే పనే అందరికీ.

కానీ ఆ నొక్కుడు చివరికి పక్క గోడల మీద తోపుగా పడుతుంది. ఇద్దరు స్నేహితులు ఎదురెదురుగా, కాస్త దూరంగా నిలబడి, అరచేతులు ఆనించుకుని ముందుకు వాలండి. మీ పాదాలు వెనక్కి జారాలని చూస్తాయి. ఇంకో ఇద్దరు మీ మడమల వెనుక తమ పాదాలు అడ్డం పెడితే జారవు. మీరిద్దరూ కమాను. మడమల వెనుక పాదాలు పెట్టినవారు మందపాటి గోడలు.

పైకప్పుకు మన తీరంలో 'మద్రాసు టెర్రసు' ప్రసిద్ధి. గోడల మీద టేకు దూలాలు వేసి, వాటిమీద సన్నని ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో అతికేవారు. దాని మీద ఇటుక ముక్కలు కలిపిన సున్నం వేసి, చెక్క కొట్టాపులతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. ఆపైన పలుచని పలకలు పరిచేవారు. ఇందులో ఇనుము అవసరం లేదు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందని తీరంలో ఉన్న మీకు వేరే చెప్పాలా?

న్యూయార్కు మంచు, నెల్లూరు ఉప్పు

ఇటుక చూడటానికి గట్టి వస్తువు. కానీ దాని నిండా కంటికి కనబడని సన్నని రంధ్రాలున్నాయి. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు, ఆ రంధ్రాలు నేలలోని తడిని పైకి లాగుతాయి. ఇదే కేశనాళికల చర్య. పైకెక్కిన తడి గోడ ముఖం నుంచి గాలిలోకి ఆవిరైపోతుంది. ఎక్కే నీరు, ఆవిరయ్యే నీరు సమానమైన చోట నెమ్ము ఆగుతుంది. మా గిడ్డంగిలో అది మోకాలి ఎత్తు.

న్యూయార్కులో చలికాలం వస్తే ఇటుక రంధ్రాల్లోని నీరు గడ్డకడుతుంది. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఎక్కువ చోటు కోరుతుంది. చోటు లేక రంధ్రం గోడలను తోస్తుంది. ఇటుక ముఖం పగులుతుంది.

మన దగ్గర మంచు లేదు. కానీ ఉప్పు ఉంది. ప్రతి కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలున్నాయి. తీరపు నేలలో, గాలిలో కూడా అవి చేరతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానల్లో అవి కరిగి గోడలోకి ఎక్కుతాయి. వానలు వెలిసి గోడ ఆరినప్పుడు నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. అది రంధ్రాల్లో స్ఫటికాలుగా పెరిగి, మంచులాగానే లోపలి నుంచి తోస్తుంది. ఒకచోట మంచు స్ఫటికం, ఒకచోట ఉప్పు స్ఫటికం. గోడకు జరిగే హాని ఒక్కటే.

ఇక్కడే సున్నం గొప్పతనం తెలుస్తుంది. సున్నపు అతుకులో, పూతలో తడి సులువుగా కదులుతుంది. ఆవిరయ్యే దారి ఇటుకకన్నా సున్నంలో సులువు. కనుక ఉప్పు ఎక్కువగా సున్నంలోకే వచ్చి అక్కడే స్ఫటికమవుతుంది. సున్నం పెచ్చులూడుతుంది, ఇటుక బతుకుతుంది. కొన్నేళ్లకొకసారి ఆ సున్నాన్ని గీకి కొత్త పూత వేస్తే, ఉప్పు కూడా దానితో పాటే పోతుంది. పూత ఊడటం లోపమని నేననుకున్నాను. అది రక్షణ అని తరువాత తెలిసింది. ఇంటి ముందు చెప్పులు అరిగితే కొత్తవి కొనుక్కుంటాం. పాదం అరిగితే ఏం చేస్తాం?

సిమెంటు చేసిన పని

పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో ఇంగ్లండులో జోసఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1904లో మద్రాసులో సముద్రపు గుల్లలతో సిమెంటు చేయాలని ఒక ప్రయత్నం జరిగింది. అది నిలవలేదు. 1914లో పోర్‌బందరులో ఉత్పత్తి మొదలైంది. సిమెంటు చెడ్డదని నేననను. ఎత్తైన భవనాలు, వంతెనలు, ఆనకట్టలు ఇవాళ అది లేకుండా కట్టలేం. భూకంపానికి పాత ఇటుకా సున్నపు గోడ బలహీనమే, సరిగా కట్టిన ఉక్కూ కాంక్రీటూ దానికన్నా మేలు.

కానీ పాత సున్నపు గోడ మీద సిమెంటు పూత వేరే సంగతి. సిమెంటు పూత దట్టమైనది. దాని గుండా తడి బయటికి పోవడం కష్టం. దారి మూసుకుపోయిన నీరు, దారి దొరికేదాకా పైకి ఎక్కుతుంది. అందుకే మోకాలి దగ్గర ఆగే నెమ్ము ఛాతీ దాకా ఎక్కింది. సిమెంటు వెనుక చిక్కుకున్న ఉప్పు ఇటుక ముఖంలోనే స్ఫటికమైంది. సిమెంటు ఊడినప్పుడు ఇటుకను కూడా పట్టుకుని ఊడింది. ఇటుకకన్నా అతుకు మెత్తగా ఉండాలన్న పాత నియమాన్ని నేను తలకిందులు చేశాను. పాత కట్టడాలను కాపాడే నిపుణులు ఇవాళ అన్ని దేశాల్లో ఈ నియమాన్నే పాటిస్తున్నారు.

మీరే చేసి చూడండి

మొదటిది: ఒక ఎండిన ఇటుకను తూచండి. నీళ్ల బకెట్టులో ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. పెరిగిన బరువంతా రంధ్రాల్లోకి చేరిన నీరే.

రెండోది: ఒక పళ్లెంలో ఉప్పునీళ్లు పోసి, అందులో ఇటుక ముక్కను నిలబెట్టండి. నీరు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లే పోస్తూ ఉండండి. కొన్నాళ్లకు పైభాగాన తెల్లని ఉప్పు పొర కడుతుంది. ఇంకొక ముక్కకు అడుగున రెండంగుళాలు వదిలి, దానిపైన చుట్టూ మూడంగుళాల మేర ప్లాస్టిక్ కాగితం బిగించి ఇదే చేయండి. ఉప్పు ఎక్కడ తేలిందో రెండు ముక్కలనూ పోల్చి రాసుకోండి. ఆ కాగితమే నా సిమెంటు పూత.

మూడోది: ఖాళీ అగ్గిపెట్టెలతో రెండు గోడలు కట్టండి. ఒకదానిలో సందుల మీద సందులు పడనివ్వండి, రెండోదానిలో పడకుండా చూడండి. పక్క నుంచి వేలితో నెట్టి చూడండి. ఏది ముందు విడిపోయింది?

ఆ గిడ్డంగి ఏమైంది?

పెద్ద మేస్త్రి మాట విని సిమెంటు పూత మొత్తం జాగ్రత్తగా తీయించాం. ఆ వైపు గోడ అడుగు ఇటుకలు అప్పటికే పిండి అయిపోయాయి. పైబరువు మోసే స్థితిలో లేవు. పిల్లలు తిరిగే చోటు కనుక ఆ గోడను దించక తప్పలేదు. గిడ్డంగి పొడవులో కొంత తగ్గించి, ఆ చివర కొత్త గోడ పెట్టారు. సున్నపు పూత ఊడుతూ, చూడటానికి బాగాలేదని నేననుకున్న మిగతా మూడు గోడలకూ ఏమీ కాలేదు. వాటికి గుల్ల సున్నమే మళ్లీ పూయించాం.

దించిన గోడలోని మంచి ఇటుకలను పిల్లలు పక్కన పేర్చారు. వాటికి అంటుకున్న సున్నం చేత్తో రుద్దితే ఊడివచ్చింది. సిమెంటు అంటిన ఇటుకల్లో ఒక్కటి కూడా పగలకుండా రాలేదు. పెద్ద మేస్త్రి ఆ రెండు కుప్పల వైపు చూపించి నవ్వాడు. మళ్లీ వాడుకోవడానికి పనికొచ్చిన కుప్ప ఏదో చెప్పనక్కరలేదు.

మీ ఊళ్లో కూడా పాత కచేరీయో, రేవు గిడ్డంగియో, సత్రమో, తాతల నాటి మిద్దె ఇల్లో ఉండవచ్చు. పూత ఊడింది కనుక దాని ఆయుస్సు తీరిందని ఎవరైనా అంటే, వెంటనే ఒప్పుకోకండి. నెమ్ము ఎంత ఎత్తున ఆగిందో కొలవండి. అతుకు సున్నమా, సిమెంటా చూడండి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయేమో గమనించండి. ఆ నీళ్లను పక్కకు మళ్లించడం చాలా గోడలకు మొదటి వైద్యం. తరువాత ఊళ్లో సున్నం పని తెలిసిన పెద్దవారు ఎవరున్నారో కనుక్కుని, వారు ఏం చెబుతారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మాకు చెప్పిన పెద్ద మేస్త్రి ఇప్పుడు లేడు. ఆయన దగ్గర నేను రాసుకున్నది రెండు పేజీలే. ఇంకా ఎక్కువ అడిగి ఉండవలసింది.